చదవని చీటీ

అరవై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒకే ఒక్క మాట. అది అనడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. ఇది వినే మీరెవరో నాకు తెలీదు. నా పేరు మీకు చెప్పను. మీరు నా వయసువాళ్లయితే మాత్రం నా గొంతు గుర్తుపడతారు.

టీవీలో చాలా ఏళ్లు చర్చలు నడిపాను. మంత్రుల్ని ఎదురుగా కూర్చోబెట్టి, "చేశారా, లేదా?" అని నిలదీసేవాణ్ణి. జనానికి అదే నచ్చింది. అంతకు ముందు, పంతొమ్మిది వందల అరవైలలో, రేడియోలో పల్లెవాసుల కార్యక్రమం నాది. నెల్లూరు తీరాన పల్లెలకు పంచాయతీ రేడియోలు వస్తున్న రోజులవి. వాతావరణం వాళ్లు చీటీ పంపితే, కార్యక్రమం చివర జాలర్ల కోసం చదవాలి. అదీ నా పనే.

ఆ సాయంత్రం చీటీ వచ్చింది. తుపాను, వేటకు పోవద్దు. నా ఎదురుగా ఒక పెద్ద నాయకుడు కూర్చుని మాట్లాడుతున్నాడు. మంచి ఊపులో ఉన్నాడు. ప్రశ్నలు బాగా అడుగుతున్నావయ్యా అని మధ్యలో మెచ్చుకున్నాడు కూడా. ఆ ఒక్క మెప్పుకే మెత్తబడిపోయాను. ఆపితే ఏమనుకుంటాడో అని ఊరుకున్నాను. టైము అయిపోయింది. చీటీ నా చేతి కిందే ఉంది. వార్తల్లో ఎలాగూ చెబుతారులే అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. అది నాకిచ్చిన చీటీ కదా, ఇంకెవరు చెబుతారు? ఏమేం ప్రసారమైందో రాసే పుస్తకంలో మాత్రం "చదివాను" అని రాసి, సంతకం పెట్టి, ఇంటికెళ్లి అన్నం తిన్నాను.

గూడూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఒక జాలరిపాళెం. అక్కడి రేడియో బడిలో ఉండేది. రోజూ అది విని జాలర్లకు చెప్పే పని మిషన్ బడి పంతులమ్మ రూతమ్మది. ఆమె క్రైస్తవురాలు, వాళ్లు హిందువులు. అయినా ఆమె మాటంటే వాళ్లకు గురి. రేడియో రాకముందు గాలి చూసి, నీళ్ల రంగు చూసి తెప్పలు దించేవాళ్లు. వచ్చాక ఆ చూడటం మానేశారు. ఆ తెల్లారి పక్క పాళెం వాళ్లు మబ్బు చూసి ఆగిపోయారు. వీళ్లు, రేడియోలో తుపాను మాటేమీ లేదని ఆమె అంటే పోయారు. నలుగురు తిరిగి రాలేదు.

మూడో రోజు, అక్కడివాళ్ల గొంతులు రికార్డు చేసుకురమ్మని నన్నే పంపారు. నేను వెళ్లేసరికి కొడుకు పోయిన ఒక ముసలామె రూతమ్మ మీద విరుచుకుపడుతోంది. "నువ్వు పొమ్మంటేనే గదమ్మా పోయినాడు! ప్రార్థన్లో పడి రేడియో ఇడిసిపెట్టినావు!"

నేను నమస్కారం అనగానే రూతమ్మ నా గొంతు గుర్తుపట్టింది. జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"అయ్యా, రేడియోలో మాట్లాడేది మీరే గదా? మీరన్నా చెప్పండి. ఆ పొద్దు తుపాను సంగతి చదివినారా? నేను మొదట్నించీ కడదాకా ఇన్నాను."

నా వేలు రికార్డరు ఆపేసింది. అందరూ నా నోటికేసే చూస్తున్నారు.

"చదివినాను," అన్నాను. నమ్మకం కుదరాలని కాబోలు, వాళ్ల యాసలోనే.

ఆమె అరుస్తుందనుకున్నాను. అబద్ధమంటే ఒప్పేసుకునేవాణ్ణేమో. నిజంగా ఒప్పుకునేవాణ్ణా? ఏమో. ఆమె అనలేదు. చేత్తో చెవి తడుముకుంది.

"అయితే నాకే ఇనబడలేదు," అని ముసలామె కాళ్ల దగ్గర కూలబడింది.

నమ్మేసింది! తన రెండు చెవులకంటే నా మాటే నమ్మింది. రేడియోలో చెప్పిందే నిజమని వాళ్లకు నేర్పింది మేమే కదా. అయినా రికార్డరు మళ్లీ నొక్కాను.

ఆ రోజు రికార్డు చేసిన ఏడుపులతోనే నాకు పేరొచ్చింది. టీవీకి దారి అక్కడే పడింది. ఒకసారి స్టూడియోలో ఒక మంత్రి, "మీరెప్పుడూ అబద్ధం ఆడలేదా?" అని నవ్వాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నాకు ముచ్చెమటలు పోశాయి. చూసేవాళ్లు దీపాల వేడి అనుకుని ఉంటారు.

రిటైరయ్యాక కావలిలో ఒక పెళ్లిలో ఎవరో అమ్మాయి టీవీ అభిమానంతో పలకరించింది. మాటల్లో ఆ పాళెం పేరు వచ్చింది.

"మా పెద్దమ్మ రూతమ్మ ఆ పాళెంలోనే పంతులమ్మ సార్. చెవులు చెడిపోయినాయని బడి మానుకునింది. నెల్లూరు డాక్టరేమో చెవులు బాగానే ఉండాయన్నాడు. అయితే బుర్ర చెడిందేమోనని దిగులు పెట్టుకునింది. ఎవురేం చెప్పినా, సరిగ్గా ఇన్నానా అని రెండుసార్లు అడిగేది. చచ్చిపోయేదాకా అంతే."

నా చేతిలో కాఫీ ఉంది. తాగేశాను. ఆ అమ్మాయికీ చెప్పలేదు.

క్షమించమని ఎవర్ని అడగను? పోయినవాళ్లు పోయారు. మీరు క్షమించినా అది చెల్లదు, అందుకే మిమ్మల్ని అడగను. ఇన్నేళ్లకు ఊపిరి సరిగ్గా ఆడుతోంది. రూతమ్మ బాగానే విన్నది. ఆ చీటీ నేను చదవలేదు.