కొండమ్మత్తకు చదివి చెప్పని కాగితం

ఏడేళ్లుగా ఒక చావును దాచిపెట్టాను. ఇలా రాసి చూసుకుంటే భయంగానే ఉంది. ఇంతకంటే మెత్తగా రాస్తే మళ్లీ అబద్ధమే అవుతుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మా నాన్నగారు ఆకివీడులో మిషన్ బడి మేష్టారు. కొల్లేటికోట నుంచి చేపలు తెచ్చి అమ్మే కొండమ్మను నేను అత్తా అనేదాన్ని. ఆమె భర్త రాఘవులు రంగూన్‌లో బియ్యం మిల్లు కూలీ. రంగూన్‌లో గొడవలు జరిగిన మరుసటి యేడు, నేను కాలేజీ సెలవులకు ఇంటికొచ్చి ఉండగా, ఆమె గంప దించి, చెంగు ముడి విప్పి ఒక ఇంగ్లీషు కాగితం నా చేతికిచ్చింది. నాన్నగారు ఊళ్లో లేరు.

రాఘవులు మిల్లు యంత్రంలో పడి చనిపోయాడు. నష్టపరిహారం జమ అయి ఉంది. భార్య దరఖాస్తు పెట్టుకోవాలి. కాగితంలో ఉన్నది అంతే.

తలెత్తాను. ఆమె చేతులకు కొత్త గాజులు. నాలుగు రోజుల్లో కూతురి పెళ్లి.

"ఏం రాశారండీ అమ్మాయిగారూ? మా ఆయన కులాసాయేనా?"

"కులాసాయే అత్తా. మిల్లువాళ్లు అందరికీ పంపే కాగితం."

"డబ్బేమన్నా పంపుతానన్నాడాండీ?"

"లేదు."

"పోనీలెండి, మనిషి బాగున్నాడు. పెళ్లి పనులు తప్పించుకుని అక్కడ కూచున్నాడు. రానివ్వండి, చెప్తాను ఆయన పని."

నవ్వుతూ గంప ఎత్తుకుంది. ఆ పూట చేపలకు డబ్బు తీసుకోలేదు. కాగితం భద్రంగా ఉంచుతానని నా దగ్గరే పెట్టుకున్నాను.

పెళ్లి కానిచ్చి చెబుదామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? తల్లి విధవైతే పీటల మీద కూర్చోలేదు, పెళ్లి ఆగుతుంది, ఆ పిల్ల కోసమే చెప్పలేదని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే. ఆమె ఏడుపు నా ఎదుట, మా అరుగు మీద మొదలవడం నాకు ఇష్టం లేకపోయింది. పెళ్లయ్యాక చెప్పాలంటే ముందు అబద్ధం ఎందుకాడానో కూడా చెప్పాలి. ఈలోగా కాలేజీ తెరిచారు. తర్వాత నాకు పెళ్లయి ఏలూరు వచ్చేశాను. కూతురి పెళ్లి అప్పు కింద కొండమ్మ చేపల దోనె అమ్మేసిందనీ, ఎవరి వలల దగ్గరో కూలికి పోతోందనీ అమ్మ ఉత్తరాల్లో రాసేది. ఆ వాక్యాలు గబగబా దాటేసేదాన్ని. ఆదివారం చర్చి గుడిలో అందరం పాపాలు ఒప్పుకునే ప్రార్థన చేసేటప్పుడు ఈ ఒక్కటీ పక్కన పెట్టేసేదాన్ని.

మా వారు సర్కారు కచేరీలో గుమాస్తా. పోయిన నెల ఒక జాబితా ఇంటికి తెచ్చారు. రంగూన్ నుంచి వచ్చి పడి ఉన్న, ఎవరూ వచ్చి అడగని సొమ్ములు, వాటి హక్కుదారుల పేర్లు. ఊళ్లలో అంటించడానికి తెలుగు ప్రతి రాసిపెట్టమన్నారు.

"నీ ముత్యాల్లాంటి అక్షరాలు చెదపురుగులు చదువుకుంటాయిలే," అన్నారు. ఎవరూ రారట. ఈ యేడు దాటితే సొమ్ము సర్కారుకే పోతుందట.

పదకొండో పేరు రాఘవులుది. భార్య కొండమ్మ, కొల్లేటికోట.

నాకు ఎనిమిది నెలల పిల్ల. ఆయన ఇంటికి రావడం గంట ఆలస్యమైతే దాన్ని ఎత్తుకుని గుమ్మంలోనే నిలబడతాను. ఏమైందో, ఎవరైనా వచ్చి ఏం చెబుతారో అని. గంటకే నా పని ఇలా ఉంటే, ఆమె ఎన్ని సాయంత్రాలు ఎదురుచూసి ఉంటుంది?

ఆ రాత్రే ఆయనకు అంతా చెప్పాను. దరఖాస్తు ఎలా రాయాలో ఆయన చెప్పారు. పిల్లను తీసుకుని గుడివాడ మీదుగా రైల్లో ఆకివీడు, అక్కణ్నుంచి పడవలో కొల్లేటికోట వెళ్లాను. నీళ్ల గాలి తగలకుండా దారంతా పిల్లకు చెంగు కప్పుతూనే ఉన్నాను.

కొండమ్మ చూరు కింద కూర్చుని వల బాగుచేస్తోంది. ఏడేళ్లుగా దాచిన కాగితం విప్పి, ఈసారి ఒక్క మాట వదలకుండా తెలుగులో చెప్పాను. ఆ రోజు నేను చేసిందీ, ఈ జాబితా సంగతీ చెప్పాను. ఆమె ఏడవలేదు. ఏ నెలలో పోయాడని అడిగింది. చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"పెళ్లి ఆగిపోయేదే, నిజమేనండి," అంది చివరికి. "ఆపాలో వద్దో అనుకోవాల్సింది నేను కదండీ?"

సంచిలోంచి దరఖాస్తు తీశాను.

చదివి వినిపించాను. విని, ఊళ్లో చదువొచ్చిన మరొకాయన్ని పిలిపించి మళ్లీ చదివించుకుంది. ఆ తర్వాతే వేలిముద్ర వేసింది. జాబితాలో తమ ఊరివాళ్లు ఇంకా ఎవరున్నారని అడిగింది. ఇద్దరున్నారన్నాను. వల పక్కన పెట్టి లేచి, వాళ్ల ఇళ్లవైపు నడిచింది. నన్ను రమ్మనలేదు. పిల్లను భుజాన వేసుకుని వెనకాలే వెళ్లాను.

మూడు దరఖాస్తులూ కచేరీలో ఇచ్చాం. సొమ్ము వస్తుందనే అంటున్నారు. ఆమె నన్ను క్షమించలేదు, నేనూ అడగలేదు. మళ్లీ ఎప్పుడైనా ఆమెను అత్తా అని పిలవగలనో లేదో. కానీ ఆమెతో చెప్పేశాను. ఇప్పుడు మీతోనూ చెప్పాను.