హూటర్ మోగితే కాళ్లు ఆగవు

టీ చెప్పండి బాబూ, ముందు టీ చెప్పండి. అద్రక్, అదే అల్లం, కాస్త ఎక్కువ వెయ్యమనండి. శనివారం నుంచీ ఒళ్లు నా ఒళ్లులా లేదు. పైగా, కన్నకూతురి ప్రోగ్రాం మధ్యలో లేచెళ్లిపోయిన తండ్రి అని కాలనీలో నన్ను వేలెత్తి చూపిస్తున్నారట. లేచెళ్లిన మాట నిజమే, కాదనను. కానీ ఎందుకు లేచానో పూర్తిగా వినండి. అప్పుడు మీ ఇష్టం, ఎంత కావాలంటే అంత నవ్వుకోండి.

మా సంధ్య సంగతి మీకు తెలుసు కదా. పొద్దున్నంతా ఉద్యోగం, సాయంత్రమైతే మ్యూజిక్. మ్యూజిక్ అంటే పాట కాదండోయ్. పాటైతే నేనూ తలూపుదును. ఒక ఇనప ప్లేటు, కబాడీ దుకాణంలో పాతసామాన్ల కింద కొన్న స్ప్రింగు, ఒక లాప్‌టాపు, బోలెడు వైర్లు. ప్లేటుకి మైకు అతికించి దేంతోనో గీకుతుంది. అది స్పీకర్లోంచి గుర్ర్‌ర్‌మని వస్తుంది. ఇంట్లో ప్రాక్టీసు మొదలెట్టిందంటే మా ఆవిడ రవణమ్మ, "ఓలమ్మో, మీ నాన్న డ్యూటీ ఇంటికొచ్చేసిందే!" అంటుంది. "దీన్ని ఎక్స్‌పెరిమెంటల్ అంటారమ్మా" అంటుంది గుంట. నా మట్టుకు నేను, అది మొదలవగానే కుర్చీలో నిద్రపోతాను. మన వేగన్ షాపులో, గూడ్సు డబ్బాల రిపేర్లలో, పగలంతా అదే మోత వినీ వినీ ఇంటికొచ్చినవాణ్ణి. నన్నేం చెయ్యమంటారు?

దేవేంద్ర నగర్లో ఒక మిఠాయి దుకాణం మేడమీద చిన్న క్లబ్బు ఉంది. ఇలాంటి కొత్త రకం మ్యూజిక్ వాయించే పిల్లలకి దాని ఓనరు ఛాన్సు ఇస్తాడు. జుట్టు ముడేసుకున్న కుర్రాడు. "హాలు నిండాలి దీదీ. ఖాళీ కుర్చీలకి వాయిస్తే మళ్లీ పిలవను" అన్నాట్ట. గుంట బెంగపడి నా పక్కన వచ్చి కూర్చుంది.

"నాన్నా, మీ షాపు అంకుల్స్‌ని తీసుకొస్తావా?"

"అదెంతపని! మొత్తం సెక్షన్నే దింపేస్తాను."

"ఇంకోటి నాన్నా. నువ్వు నాది ఒక్కటీ చివరిదాకా వినలేదు. ఈ ఒక్కసారి చివరిదాకా కూర్చో. నచ్చక్కర్లేదు. కూర్చుంటే చాలు, బస్."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇన్నేళ్లలో నన్ను అది అడిగిందే తక్కువ. "కూర్చుంటానే, ప్రామిస్" అన్నాను.

శనివారం డ్యూటీ దిగి, అన్నం డబ్బాల సంచులు భుజాన వేసుకుని తిన్నగా అక్కడికే వెళ్లాం. నేను, పక్క క్వార్టరు అప్పన్న, వెల్డరు సాహు, ఇంకా మా సెక్షను వాళ్లంతా. వారమంతా వేగన్ల కింద దూరి పనిచేసిన ఒళ్లు. అక్కడేమో మెత్తటి కుర్చీలు, ఏసీ, చీకటి! నిద్రపుచ్చడానికి ఇంకేం కావాలండీ? రవణమ్మ ముందు వరసలో కూర్చుంది. మేమంతా వెనక. సంధ్య స్టేజీ ఎక్కి, నా వైపు ఒకసారి చూసి, ప్లేటు మీద చెయ్యి వేసింది.

సాహు నా చెవిలో, "భయ్యా, యే షురూ కబ్ హోగా?" అన్నాడు. ఇంకా ఎప్పుడు మొదలవుతుందని వాడి బాధ.

"చల్ రహా హై యార్! జరుగుతున్నది అదే!"

"అచ్ఛా?" అని సర్దుకుని కూర్చున్నాడు పాపం.

నేను గిల్లుకున్నాను. లవంగం నమిలాను. కాలి మడమతో రెండో కాలిని తొక్కుకున్నాను. కళ్లు మూతపడుతుంటే వేలితో ఎత్తి పట్టుకున్నానంటే నమ్మండి. అప్పన్న తల అప్పటికే నా భుజం మీద ఉంది. స్పీకర్లోంచి కీచుమని ఏదో తిరుగుతున్న చప్పుడొచ్చింది. వాడు కళ్లు తెరవకుండానే, "బేరింగు పోయింది బావా, మార్చాల" అన్నాడు. "నోర్ముయ్, అది మ్యూజిక్కు" అన్నాను. అయినా నేను నిద్రపోలేదు. దేవుడి సాక్షిగా పోలేదు. ఇక ఐపోవచ్చింది, గెలిచేశాను అనుకుంటున్నాను.

అప్పుడు మోగింది హూటర్!

మన హూటరేనండీ! మన షాపుదే! మా క్వార్టరు డాబా మీదకెక్కి రికార్డు చేసిందట. ఆ సన్నగా మొదలై లావుగా సాగడం, చివర్లో గొంతు బొంగురుపోవడం, అచ్చంగా అదే. ఈ హూటరుకి లేచి, ఈ హూటరుకి తిని, ఈ హూటరుకే ఇంటికెళ్లిన జన్మ నాది. బుర్రలోకి ఆలోచన రాకముందే కాళ్లు లేచిపోయాయి. సంచీ భుజం మీదకొచ్చింది. "చలో భాయ్" అన్నాడు సాహు. అప్పన్న నిద్రలోంచే లైన్లో నిలబడ్డాడు. ముందు నేను, నా వెనక మొత్తం సెక్షను.

తలుపు పక్కన గోడకి నల్ల గాజుపలక, మధ్యలో నీలం లైటు. డ్యూటీ దిగేటప్పుడు మనం ఏం చేస్తాం? బొటనవేలు పెడతాం కదా! పెట్టాను. హాల్లో లైట్లన్నీ భగ్గుమని వెలిగాయి. అది మన హాజరు మెషీను కాదు, లైట్ల టచ్ స్విచ్చు! నాకేం తెలుసు? నా వెనకోడు పెట్టాడు, ఆరిపోయాయి. సాహు పెట్టాడు, వెలిగాయి. అప్పన్న పెట్టాడు, ఆరిపోయాయి. సెక్షనంతా వరసగా, ఒక్కడు కూడా మానకుండా వేలిముద్ర వేసి మరీ దిగాం. డిసిప్లిన్ అంటే డిసిప్లినే.

నేను కింద హెల్మెట్ పెట్టుకుని స్కూటరు కిక్కు కొడుతున్నాను. అప్పుడు మేడమీంచి మళ్లీ హూటర్! అప్పన్న ఆగి, "అదేటి బావా, లంచ్ ఐపోయిందేటి?" అన్నాడు. స్కూటరు స్టాండు వేసేశాను. అందరం వెనక్కి తిరిగాం. మెట్లెక్కాం. మళ్లీ అందరం వేళ్లు పెట్టాం, మళ్లీ లైట్లు వెలిగి ఆరాయి. వెళ్లి ఎవడి కుర్చీలో వాడు కూర్చున్నాం. కూర్చున్నాక చూద్దును కదా, స్టేజీ మీంచి సంధ్య నా కళ్లలోకే చూస్తోంది. నా తల మీద ఇంకా హెల్మెట్ ఉంది. అప్పుడొచ్చిందండీ తెలివి! భూమి చీలితే అందులోకి పోదునన్నంత సిగ్గేసింది.

మేం లేనప్పుడు జరిగింది రవణమ్మ తర్వాత చెప్పింది. లైట్లు వెలగడంతో ఐపోయిందనుకుని మిగతా జనం కూడా లేవబోయారట. ఓనరు తల పట్టుకున్నాట్ట. గుంట చేతులు ఆగిపోయి, కళ్లలో నీళ్లు తిరిగాయట. అప్పుడు మా ఆవిడ లేచి నిలబడి, హాలంతా వినపడేలా అరిచిందట: "ఏడుస్తావెందుకే? ఇంకోసారి మోగించు! లంచ్ ఐపోయిందనుకుని ఆళ్లే వచ్చేస్తారు!"

నన్ను నాకంటే బాగా ఎరిగిన మనిషి అది!

సరే, హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాను. సంధ్య ఒక బటన్ నొక్కింది. హూటర్ సన్నగిల్లిపోయింది. దాని వెనక నుంచి ఒక గేటు కిర్రుమంది. ఆ కిర్రు నాకు తెలుసు, నూనె వేద్దామని వాయిదా వేస్తూ వస్తున్న మా గేటు. తర్వాత స్కూటరు స్టాండు. తర్వాత కుళాయి, మొహం కడుక్కున్న నీళ్ల చప్పుడు. తర్వాత కుర్చీ కిర్రుమని, "అమ్మయ్య" అని ఒక గొంతు. నాదే. వంటింట్లో స్టవ్ వెలిగిన టిక్కు. ముందు వరసలో రవణమ్మ పమిటతో కళ్లు తుడుచుకుంటోంది.

అప్పుడర్థమైందండీ. చివరిదాకా కూర్చోమని ఎందుకడిగిందో. ఆ చివర ఉన్నది నేనే. అలిసిపోయి ఇంటికొచ్చే నా చప్పుళ్లని ఒక మనిషి ఇన్నాళ్లూ ఇంత శ్రద్ధగా వింటోందని నాకు తెలీదు. ఇంకా బాగా వినపడుతుందని కళ్లు మూసుకున్నాను. ఆ ఒక్క పనీ చెయ్యకుండా ఉండాల్సింది.

చప్పట్లకి కళ్లు తెరిచాను. జనం లేచి నిలబడి కొడుతున్నారు. ఓనరు కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "దీదీ, క్యా ఎండింగ్ థా! చివర్లో ఆ ఖర్రాటే, ఆ గురక... కమాల్! అగ్లే మహీనే ఫిర్ ఆనా" అన్నాడు. హమ్మయ్య, గుంటకి వచ్చే నెల మళ్లీ ఛాన్సు దొరికింది అనుకున్నాను.

కింద స్కూటరు దగ్గర ముగ్గురమే ఉన్నప్పుడు, కాస్త ధైర్యం తెచ్చుకుని అన్నాను, "చూశావా, ఒకసారి వెళ్లినా తిరిగొచ్చాను. చివరిదాకా కూర్చున్నాను."

"కూర్చున్నావు నాన్నా" అంది నా చెయ్యి పట్టుకుని.

"అంతా బాగుంది కానీ, నా గురక కూడా రికార్డు చేసి అంతమందిలో పెట్టావు చూడు, అదొక్కటీ బాగోలేదే. పరువు పోయింది."

రవణమ్మ పమిట నోట్లో కుక్కుకుంది. సంధ్య వాళ్లమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది.

"రికార్డింగులో గురక లేదు నాన్నా."