సోడా నానుతోంది

సోడా పెద్దమ్మ ఏ ఇంట్లో అడుగుపెట్టినా ఆ ఇంటి వంటగది మూతపడేది. మూతపడటం అంటే ఏమిటో ముందే స్పష్టంగా చెప్పుకోవాలి. తలుపు దగ్గరగా వేసి, గడప మీద తడిగుడ్డ పరిచి, "సోడా నానుతోంది, ఎవరూ రావద్దు" అని ఆవిడ ఒక్కమాట అనేది. ఆ మాట మీద అప్పీలు లేదు. ఎప్పుడు తెరుస్తారో సోడాకు, పెద్దమ్మకు తప్ప మూడోవాళ్లకు తెలియదు. ఒకసారి అద్దెకు ఇల్లు చూడటానికి వెళ్లి, ఆ ఇంటావిడ వంటగదినే సాయంత్రం దాకా మూయించి, ఇల్లు నచ్చలేదని చెప్పి వచ్చేసింది.

ప్రయాణమై వచ్చేటప్పుడు మార్చుకునే బట్టలు మరిచిపోయిన రోజులున్నాయి గానీ, చేతిసంచీలో వంటసోడా డబ్బా, ఉప్పు పొట్లం, వెనిగర్ సీసా, నిమ్మకాయలు లేని రోజు లేదు. మంచినీళ్లు ఇస్తే సగం తాగి, మిగతా సగంలో సోడా కలిపేది.

ఆవిడ పని చూస్తూ నిలబడితే కాలం కదలడం మానేసినట్టుండేది. కూరలు తరిగే చెక్క మీద ఉప్పు చల్లి, నిమ్మచెక్కతో గుండ్రంగా, తొందర లేకుండా, నిద్రపోయే పిల్లాడి వీపు నిమిరినట్టు రుద్దేది. తెల్లటి గార కట్టిన కుళాయికి వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి, జ్వరం వచ్చినవాళ్ల నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టు వదిలేసేది. పొయ్యి మీద సోడా ముద్ద మెత్తి, పైన వెనిగర్ చిలకరించగానే బుస్సుమని నురగ పొంగి, అంచుల మీదుగా మెల్లగా జారేది. కిటికీలోంచి పడే వెలుగులో ఒక్కో బుడగ ఒక్కో రంగు చూపించి, చిన్న నిట్టూర్పుతో మాయమయ్యేది. ఇల్లంతా నిమ్మవాసన పరుచుకునేది. గడియారం కూడా చప్పుడు తగ్గించి నడుస్తోందేమో అనిపించేది.

ఆ కలలోకి జొరబడే ధైర్యం పెద్దమ్మ చెల్లెలి పక్కింటి హెడ్‌మాస్టారు ఒక్కరే చేశారు. తమ ఇంట్లోనే, తమ వంటగది ముందే, కాళ్లకు చెప్పులతో నిలబడి గొంతు సవరించుకున్నారు.

"ఏమండీ, నాకు కాఫీ వేళయింది."

"మెల్లగా మాట్లాడండి మాస్టారూ! మగగొంతు తగిలితే నురగ చచ్చిపోతుంది."

"ఇది ఏ శాస్త్రంలో ఉందండీ?"

"మీరు చెప్పని శాస్త్రంలో."

ఆయన వెనక్కి తగ్గారు. ఆ సాయంత్రం వీధి చివర టీకొట్టు బల్ల మీద తన బడిలో చదివిన కుర్రాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుని, గుసగుసగా ఒక కాఫీ చెప్పారు. ఎందుకైనా మంచిదని.

ఈ పద్ధతి ఎంతమాత్రం సహించలేని మనిషి ఆ కుటుంబంలో ఒకతే ఉంది. పెద్దమ్మ చెల్లెలి కూతురు. న్యాయశాస్త్రం చదివింది కనుక ఇంట్లో అందరికీ లాయరమ్మ. అన్యాయం కనిపిస్తే ముక్కుపుటాలు అదిరేవి, కనిపించకపోతే వెతికేది. పెద్దమ్మ విషయంలో ఆమె అభియోగాలు రెండు. ఒకటి, జీతం బత్తెం లేకుండా ఊళ్లోవాళ్ల వంటగదులు తోమి పెట్టడం ఆడవాళ్ల శ్రమను చవక చేయడమే. రెండు, పరాయి ఇంటి వంటగదిని మూయించే అధికారం ఆవిడకు ఏ చట్టం ఇచ్చింది?

ఆ ఆదివారం లాయరమ్మ ముందుగదిలో కూర్చుని ఒక సభ కోసం ఉపన్యాసం రాసుకుంటోంది. విషయం: ఇంటిపని చేసేవారికి విశ్రాంతి హక్కు. వాక్యాలు నిప్పుల్లా వస్తున్నాయి. రెండో పేజీ మధ్యలో టీ తాగాలనిపించింది.

"వదినా, ఒక టీ!" అని కేక వేసింది.

జవాబు వంటగది వైపు నుంచి పెద్దమ్మ గొంతులో వచ్చింది. "సోడా నానుతోందే. రేపు తాగుదువు గాని."

"రేపా?"

ఇక్కడ ఇంటి పరిస్థితి చెప్పాలి. వదినకు పాప పుట్టి ఎన్నాళ్లో కాలేదు. పాప పగలు పడుకుని రాత్రి కబుర్లు చెప్పే రకం. పైగా ఆ సాయంత్రం అన్నయ్య తన ఆఫీసువాళ్లను భోజనానికి పిలిచాడు. పిలిచాక వదినకు చెప్పాడు. పొద్దున వచ్చిన పెద్దమ్మ ఒకసారి వదిన మొహం చూసింది, ఒకసారి పొయ్యి చూసింది. పొయ్యి మరీ ఘోరంగా ఉందని ప్రకటించి, తలుపు దగ్గరగా వేసింది. ఇప్పుడు వదిన కిటికీ పక్క వాలుకుర్చీలో ఉంది. దువ్వుకుందామని తీసిన దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. ఒళ్లో పాప, పాప పిడికిట్లో తల్లి పైటకొంగు.

లాయరమ్మ ఇదేమీ చూడలేదు. ఆమె దృష్టి న్యాయం మీద ఉంది. కలం పట్టుకునే లేచింది. "పెద్దమ్మా, ఇలా రా. రెండు ప్రశ్నలు."

పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నాన్న పేపరు దించారు. అన్నయ్య ఫోను దించాడు. కూరగాయలు వేరుచేస్తున్న అమ్మ ఎందుకో దగ్గింది.

"ఈ సోడా ముద్ద మరకను వదిలించడానికి నిజంగా ఎంతసేపు పడుతుంది?"

"మరకను బట్టి ఉంటుందమ్మా."

"అవునో కాదో చెప్పు చాలు. పావుగంటలో వదులుతుందా, లేదా?"

అమ్మ గట్టిగా దగ్గింది.

"అమ్మా, సాక్షికి సైగలు చేయకు. చెప్పు పెద్దమ్మా."

పెద్దమ్మ ఆమె వైపు జాలిగా చూసింది. "వదులుతుంది."

"అంటే రేపటి దాకా మూసి ఉంచాల్సిన అవసరం లేదు?"

అమ్మకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నాన్న లేచి మంచినీళ్లు ఇవ్వబోయి, వంటగది మూసి ఉందని గుర్తొచ్చి కూర్చున్నారు.

"లేదు" అంది పెద్దమ్మ.

ఆ క్షణంలో లాయరమ్మ పొందిన ఆనందం కోర్టులో ఇంతవరకు పొందలేదు. కలం మూత పెట్టింది.

"భేష్!" అన్నారు నాన్న. "అయితే టీ వస్తుందన్నమాట. పకోడీలు లేకపోయినా పరవాలేదు."

"హమ్మయ్య! హోటల్‌కి తీసుకెళ్లాలేమో అనుకున్నా" అన్నాడు అన్నయ్య. "ఏమోయ్, వింటున్నావా? వంటగది ఖాళీయేనట!"

వదిన లేచింది. లేచింది అనడం కూడా సరికాదు. కళ్లు ఇంకా నిద్రలోనే ఉన్నాయి; చేతులు మాత్రం అప్పుడే పనిలోకి వచ్చేశాయి. ఒక చెయ్యి జుట్టు ముడి వేస్తోంది, ఒక చెయ్యి పాపను ఎత్తుతోంది. దువ్వెన నేల మీద పడింది. "వస్తున్నానండీ" అంది, ఎవరు పిలిచారో తెలియకుండానే.

లాయరమ్మ అలాగే నిలబడిపోయింది.

ఆమెకు ఒక పాత మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఇల్లంతా నిమ్మవాసన. మూసిన తలుపు వెనక బుడగల చప్పుడు. ముందుగదిలో చాప మీద అమ్మ, జుట్టు విరబోసుకుని, పొట్ట మీద తనను పడుకోబెట్టుకుని, కథ చెబుతూ చెబుతూ మధ్యలోనే నిద్రపోయిన అమ్మ. చిన్నప్పటి మంచి రోజులేవంటే గుర్తొచ్చేవన్నీ అలాంటివే. ఆ రోజుల్లో నాన్న బ్రెడ్డు తెచ్చేవారు. ఆ రోజులన్నీ పెద్దమ్మ వచ్చిన రోజులు. ఇంత తెలివిగల మనిషికి ఈ రెండూ ఒకదానితో ఒకటి కలుపుకోవాలని ఇన్నేళ్లూ తట్టలేదు.

అమ్మ వైపు చూసింది. అమ్మకు దగ్గు పూర్తిగా తగ్గిపోయింది. ఇప్పుడు దగ్గి లాభం లేదు.

"వదినా, నువ్వు కూర్చో. టీ నేను పెడతా" అంది లాయరమ్మ.

ఆమె తడిగుడ్డ దాటి వంటగదిలోకి వెళ్లింది. పెద్దమ్మ తుడిచిన పొయ్యి నిశ్చలమైన నీటిలా మెరుస్తోంది. వంగితే తన మొహమే కనిపించింది. గిన్నెలో అంచు దాకా పాలు పోసి, మంట పూర్తిగా పెంచి, చేతులు కట్టుకుని నిలబడింది. సాక్ష్యం సృష్టించడం ఎంత పెద్ద నేరమో ఆమెకు సెక్షన్‌తో సహా తెలుసు. పాలు వణికాయి, ఉబ్బాయి, తెల్లటి మేఘంలా లేచి, నాలుగువైపులా దిగాయి. పొయ్యి చుయ్‌మంది. మాడువాసన ముందుగది దాకా వెళ్లింది.

"పెద్దమ్మా! ఘోరం జరిగిపోయింది!"

పెద్దమ్మ వచ్చింది. పొయ్యి చూసింది. చెల్లెలి కూతురి మొహం చూసింది. మళ్లీ పొయ్యి చూసింది, ఈసారి ఎక్కువసేపు. తర్వాత గుమ్మంలోకి వెళ్లి గంభీరంగా ప్రకటించింది. "ఇది మామూలు మరక కాదు. రేపటి దాకా నానాల్సిందే."

"ఇందాక పావుగంట అన్నారు కదా వదినగారూ?" అని నాన్న ఆక్రోశించారు.

"నాన్నా," లాయరమ్మ పెద్దమ్మ భుజం మీదుగా తల బయటపెట్టింది, "ఆ వాంగ్మూలం పాత మరకకు సంబంధించినది. ఇది కొత్త మరక. దానికిచ్చిన తీర్పు దీనికి వర్తించదు. అన్నయ్యా, హోటల్‌కి ఫోన్ చెయ్. వదినను మాత్రం లేపకు."

"మరి టీ?"

"వీధి చివర హెడ్‌మాస్టారికి తోడు కావాలట."

తలుపు దగ్గరగా పడింది. తడిగుడ్డ మళ్లీ గడప మీదకు వచ్చింది. అవతల వాలుకుర్చీ కిర్రుమని, ఆగిపోయింది. కాసేపటికి సన్నగా గురక వినిపించింది. పాపదో తల్లిదో పోల్చుకోలేనంత సన్నగా.

పెద్దమ్మ మాడిన పాల మీద సోడా చల్లింది, వెనిగర్ చిలకరించింది. నురగ లేచింది. ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"మంట మరీ పెద్దది పెట్టావే" అంది పెద్దమ్మ మెల్లగా. "పొంగితే చాలు, మాడక్కర్లేదు. గిన్నె పాడవుతుంది."

"ఈసారి చూసుకుంటాను."

లాయరమ్మ గుడ్డ అందుకుని పొయ్యి వైపు వంగింది. పెద్దమ్మ ఆ గుడ్డ లాక్కుని, గోడవారన నేల మీద చోటు చూపించింది.

"నువ్వూ కూర్చో. సోడా నానాలి."