ఫారంలో ఇద్దరు పెద్దమనుషులు

ఆ రోజుల్లో మా కామాటిపుర చాల్లో, తెలుగు కూలీల ఆ వరసగదుల్లో, ఎవరికి ఏం కావాలన్నా దొరికేది, ఒక్క పెద్దమనుషులు తప్ప. నా మొదటి ఇంటర్వ్యూకి చీర పక్కగది అత్తది, గడియారం ఇస్త్రీ మామది, చెప్పులు ఎదురుగది అక్కవి (ఒక సైజు పెద్దవి, ముందు దూది కుక్కాం). అన్నీ అమిరాయి గానీ, ఆ నారీమన్ పాయింట్ ఆఫీసువాళ్ళ ఫారం చివర రెండు గీతలున్నాయి, నన్నెరిగిన ఇద్దరు ప్రముఖుల పేర్లు రాయమని. నాతో చదివిన ఒకమ్మాయి డాక్టరు మేనమామనీ, నాన్నగారి స్నేహితుడైన జడ్జినీ చటుక్కున రాసేసింది. నన్నెరిగినవాళ్ళు నలభై గదుల నిండా ఉన్నారు. ప్రముఖులే లేరు. ఆ గీతల వల్ల ఉద్యోగం పోతుందని ఏడుపొచ్చింది.

నాయనమ్మకి నా ఏడుపు అర్థం కాలేదు. కూలిపనిలోకి కొత్తమనిషి వస్తే ఇద్దరు పాతవాళ్ళు మేస్త్రీ ముందు నిలబడి "నా మనిషే" అనాలి, మావాళ్ళ పద్ధతి అది. కాగితం మీద పేరు రాస్తే ఎవడు నమ్ముతాడని ఆమె వాదన. నేను వద్దు మొర్రో అంటున్నా ఇస్త్రీ మామని వెంటేసుకుని నాతో బస్సెక్కింది. చీర మీద బెంగతో అత్తా, చెప్పుల మీద బెంగతో అక్కా ఎక్కారు. బస్సు దిగి ఆ బిల్డింగు ముందుకి రాగానే నాయనమ్మ తలెత్తి చూసి, ఎందుకో వేలితో అంతస్తులు లెక్కపెట్టుకుంది.

నాలుగో అంతస్తులో నా పేరు పిలిస్తే ఐదుగురం లోపలికి వెళ్ళాం. నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది (పోయినా మూడో అంతస్తులో తేలేదాన్ని). వీళ్ళెవరని మేనేజరమ్మ అడిగింది. ఫారంలో అడిగిన ఇద్దరు పెద్దమనుషులు వీళ్ళేనని, ఇద్దరు ఎక్కువే వచ్చారని గొణిగాను. అప్పుడు నాయనమ్మ తన కామాటిపుర మరాఠీలో అన్నది మా ఇంటి తెలుగులో ఇదీ (మాలా అంటే అంతస్తు):

"ఈ నాలుగో మాలా దాకా ఇసుక మోసింది నేనే, బాయీ. ఇన్నేండ్లాయె, పడ్డదా? ఈ పిల్లను మోసింది గూడ నేనే."

మేనేజరమ్మ కాసేపు గోడకేసి చూసింది. తర్వాత లేచి నాయనమ్మని కూర్చోబెట్టి, ఆ రెండు గీతల మీద నాయనమ్మ పేరూ మామ పేరూ తన చేత్తోనే రాసింది. వారం తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. నెలరోజులపాటు చాల్ మొత్తం తమకే వచ్చినట్టు తిరిగింది, నాకూ అలాగే అనిపించి గర్వంతో పొంగిపోయాను.

ఇప్పుడు చెప్పులు నా సైజువే. ఆ ఫారాలు నా టేబుల్ మీదికే వస్తాయి, గీతల నిండా డాక్టర్లూ జడ్జీలూ. గీతలు ఖాళీగా ఉన్న ఫారం చేతికొస్తే మాత్రం, ఈ వయసులోనూ లిఫ్టు దిగి గేటు దాకా వెళ్ళి చూసొస్తాను, వాచ్‌మన్ ఏ ముసలమ్మనైనా ఆపేశాడేమోనని.