చుక్క పడ్డ ఇల్లు

మెట్‌పల్లిలో ఫ్లెక్సీలు డిజైన్ చేసే మమతారాణికి ఎన్నికల మ్యాపులంటే ఒళ్లుమంట. ఒక్క ఓటుతో గెలిచినా ఊరంతా ఒకే రంగు పులిమేస్తారు, ఓడినవాళ్లు ఊళ్లోనే లేనట్టు. అందుకే మెట్‌పల్లి పక్కనే ఉన్న తమ ఊరి సర్పంచ్ ఎన్నికకు తనే కొత్త మ్యాపు చేసింది. అందం కోసం వీధుల్నీ ఇళ్లనూ గీసి, వార్డులో ఎన్ని ఓట్లు పడితే అన్ని చుక్కలు పెట్టింది. గెలిచినాయనవి నీలం, ఓడినాయనవి గోధుమరంగు. వార్డు హద్దు లోపల కంప్యూటరే వాటిని ఇష్టమొచ్చినట్టు చల్లింది.

గెలిచిన పరశురాములు షాపుకొచ్చి మ్యాపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఒక గోధుమరంగు చుక్క మీద వేలు పెట్టాడు.

"గిది కొమురవ్వ ఇల్లు గదా బిడ్డా."

"చుక్కలు ఉత్తగనే పడ్డయి కాకా. ఎవలు ఎవలకేసిన్రో నాకేమెరుక?"

"సదువుకున్నదానివి, ఉత్తగనే ఎందుకు పెడ్తవ్?" ఆయన మెత్తగా నవ్వి, వెంట వచ్చిన మనిషి వైపు తిరిగాడు. "కొమురవ్వ ఇంటి నల్లా నీళ్ల సంగతి జర చూడు."

వేలు పక్కింటికి జరిగింది. ఆ వరుస చివర మమత వాళ్ల ఇల్లుంది. చుక్కలకు అర్థం లేదని తెలిసీ, దాని మీద ఏ రంగు పడిందో చూడటానికి ఆమె కళ్లు ఆ వేలికంటే ముందే పరుగెత్తాయి.