పైపు తొడిగి బిగించిన నాలుగు స్క్రూలు

2024 జూలైలో రెండో శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. బయట మస్కట్ ఎండకు చెప్పుల్లోంచి కూడా పాదాలు కాలుతున్నాయి. లోపల యంత్రంతో మంచు పోసిన మా హాల్లో నస్రీన్ సిస్టర్ కాలు బోర్డు మీంచి ఊడిపోయింది. ఊడింది బూటును పట్టి ఉంచే బైండింగ్ మాత్రమే. కానీ అద్దంలోంచి చూస్తున్న నాకు కాలే ఊడిందనిపించింది.

నేను ఇరవై రెండేళ్లు సైట్‌లో షట్టరింగ్ చేసినవాణ్ని. కాంక్రీటు పోయడానికి పలకలు బిగించే పని అది. మోకాళ్లు పోయాక కంపెనీ నన్ను ఈ హాల్లో సామాన్ల గదికి మార్చింది. స్నోబోర్డు అంటే నిలబడి మంచు మీద జారే పలక. దాని అడుగుకు మైనం కరిగించి పట్టించాలి. ఇనుప అంచు తుప్పు పట్టకుండా తడి తుడవాలి. ఇవన్నీ అడిగి నేర్చుకున్నాను. బిగించడం ఒక్కటి ఎవరినీ అడగలేదు. అది నాకు రాకపోవడమేమిటనుకున్నాను.

నస్రీన్‌ది కడప. మస్కట్‌లోని బౌషర్ ఆసుపత్రిలో నర్సు. నెల నుంచి ప్రతి శుక్రవారం వచ్చి నేర్చుకుంటోంది. ఎవరో వాడిన బోర్డు కొనుక్కుంది. ఆ రోజు మంచులోకి దిగేముందు దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"చాచా, ముందు కాలు కాడ కదుల్తాంది. రోంత చూడు."

"పడుడు నేర్చినవా, ఇంకా లేదా?"

"పడేది బాగా వచ్చింది. లేసేదే రాలా!"

షట్టరింగ్‌లో బోల్టు వదులైతే పలకలు విచ్చుకుని మనుషులు పోతారు. అందుకే మాకు బిగింపు అంటే పానాకు పైపు తొడిగి ఒంటి బరువంతా వేయడమే. ముందు బైండింగ్‌ను బోర్డుకు పట్టి ఉంచే నాలుగు స్క్రూలకూ, స్క్రూడ్రైవరుకు పానా పట్టించి, అదే చేశాను. మూడోది మూలిగి, ఉన్నట్టుండి మెత్తగా తిరిగింది. నాలుగోదీ అంతే. లోపల మర తెగితేనే అలా తిరుగుతుంది. నా చేతికి తెలిసింది. నోటితో మాత్రం "అయిపాయె బిడ్డా, పో" అన్నాను.

సగం వాలు దాకా బాగానే వచ్చింది. నేర్పే యూసుఫ్, హైదరాబాదీ, పక్కనే జారుతూ "మోకాళ్లు వంచు! కిందికి చూడకు!" అని అరుస్తున్నాడు. అప్పుడే ముందు బైండింగ్ బూటుతో సహా లేచిపోయింది. వెనక కాలికి వేలాడుతున్న బోర్డు గిర్రున తిరిగి ఆమెను విసిరేసింది. మంచు యంత్రం చూసే బిజు పరుగెత్తి లేపాడు.

"ఇరిగింది చాచా. శబ్దం నేనే ఇన్యా," అంది, ఏడవకుండా. కుడి మణికట్టు. "ఈ చేత్తోనే సూదులేసేది."

మేనేజరు ఖల్ఫాన్, ఖబూరా ఊరి ఒమానీ, అప్పటికే ప్రమాదం కాగితం రాస్తున్నాడు. "పురానా బోర్డ్. హమారా గల్తీ నహీ." పాత బోర్డట, మా తప్పేమీ లేదట.

యూసుఫ్ నా చెవిలో, "చుప్ ఉండు చాచా. నౌక్రీ పోతది."

చుప్ ఉండలేకపోయాను. వచ్చిన హిందీలో ఖల్ఫాన్‌కు చెప్పి, తర్వాత ఆమె వైపు తిరిగి చెప్పాను. "బోర్డుది గాదు బిడ్డా, నాది తప్పు. పైపు వెట్టి బిగించిన. మర తెగిందని తెల్సింది. అయినా ఇచ్చిన."

ఆమె నొప్పి మరిచిపోయి నన్నే చూసింది. "తెలిసీ ఇచ్చినావా?"

"తెల్సే ఇచ్చిన బిడ్డా," అన్నాను.

ఉద్యోగం పోలేదు. చెయ్యి అతుక్కుంది. రెండు నెలలకు నస్రీన్ కొత్త బోర్డుతో వచ్చింది. నా చేతికి ఇవ్వలేదు. స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని, బల్ల మీద కూర్చుని తనే బిగించుకుంది. మణికట్టుతో తిప్పింది, ఆగిన చోట ఆపింది. అంతే పని. ఎక్కువ బిగిస్తే వదులైన దానికన్నా చెడుతుందని యాభై ఎనిమిదేళ్లకు నేర్చుకున్నాను. చేతికి తెలిసిన తప్పును నోరు అప్పుడే చెప్పాలని కూడా.

ఖల్ఫాన్ కాగితంలో చూసినవాళ్ల పేర్లు రాసే చోటు ఖాళీగా ఉందని యూసుఫ్ చెప్పాడు. నలభై దాటాక అక్షరాలు దిద్దిన చేత్తో ఇక్కడ నింపుతున్నాను. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: నస్రీన్, యూసుఫ్, బిజు, ఖల్ఫాన్. పడకముందే తెలిసినవాడు ఒక్కడు, నేను, లింగయ్య.