ఆపేసిన టీవీలో మ్యాచ్

మా బాబాయికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఆపేసిన టీవీలో క్రికెట్ చూస్తాడు.

ప్రసార హక్కులు టీవీ నుంచి ఫోన్ యాప్‌కి మారినప్పటి నుంచీ ఇదే వరస. ఆ యాప్ కంపెనీలోనే నా ఉద్యోగం, ఎవరు ఎంతసేపు చూశారో లెక్కగట్టడం నా పని. ఆయనకి యాప్ నేనే పెట్టించాను. మా లెక్కల ప్రకారం ఆ ఇంట్లో మ్యాచ్ చూసేవాడు ఒక్కడు. ఆ ఒక్కడూ ఫోను మొహం చూడడు. దాన్ని జేబులో పడేసి, ఇయర్‌ఫోను చెవిలో దోపుకుని, నల్లటి తెర ముందు కూర్చుని వీధంతా వినబడేలా ఆట చెబుతాడు.

"ఆయనకి మతి పోయిందా పిన్నీ?"

"ఉంటే కదరా పోవడానికి," అంది పిన్ని కూర తరుగుతూ.

మొన్న ఫైనల్ రోజు సాయంత్రం వెళ్ళాను. గదిలో దీపం లేదు. తెరలో బాబాయి నీడ ఒక్కటే చేతులు ఊపుతోంది. "ఫోర్" అన్నాడు. గోడ అవతల టక్ టక్‌మని చప్పుడు. ఆ పక్కింటికి బయట తాళం వేసి ఉండటం వస్తూ వస్తూ చూశాను. "ఎవరది?" అంటే బాబాయి పెదాలమీద వేలు పెట్టుకున్నాడు.

ఇంతలో నా ఫోన్లో మ్యాచ్ అయిపోయింది. మనవాళ్ళు చిత్తుగా ఓడారు. బాబాయి టీవీలో మాత్రం ఆట ఆగలేదు. అవుటైపోయినవాడు మళ్ళీ వచ్చి సిక్సర్లు కొడుతున్నాడు. గోడ ఊరుకోవడం లేదు. నిజంగానే భయం వేసి వంటింట్లోకి పరిగెత్తి పిన్ని చెయ్యి పట్టుకున్నాను.

"వదలరా, కత్తిపీటకి చెయ్యి తెగుతుంది," అని నెమ్మదిగా చెప్పింది. "అవతల ఉన్నది రిటైరైన బస్సు డ్రైవరు. మంచం దిగలేడు, చూపూ ఆనదు. కూతురు డ్యూటీకి వెళ్తూ తాళం వేస్తుంది. ఇన్నాళ్ళూ మన టీవీనే గోడలోంచి వినేవాడు. ఆయన దగ్గరున్నది మాటలకే పనికొచ్చే పాత ఫోను, యాప్ ఉన్నది ఇస్తామంటే పుచ్చుకోడు. ఒకరి ముందు చెయ్యి చాచే మనిషి కాదు."

"ఓడిన మ్యాచ్ గెలిపించడమెందుకు?"

"ఫైనల్ గెలిస్తేనే రేపు తుంటి ఆపరేషన్‌కి వెళ్తానని మొండికేశాడు. వెళ్ళకపోతే ఇక మంచమే గతి."

నేను మళ్ళీ గదిలోకి వచ్చేసరికి చివరి బంతి. బాబాయి సిక్సరు కొట్టించి, కప్పు కూడా చేతికిప్పించేశాడు. గోడ పలకలేదు. ఎంతసేపటికీ పలకలేదు. బాబాయి లేచి గోడకి చెవి ఆనించాడు.

అప్పుడు అవతల నుంచి ముసలి గొంతు వినబడింది.

"ఓడిపోయామని అమ్మాయి ఇందాకే ఫోన్ చేసి చెప్పిందయ్యా. రేపు వెళ్తాలే ఆసుపత్రికి. ముందు ఆ చివరి ఓవరు ఇంకోసారి వెయ్యి."